రిగ్గై వంటింట్లో మూడు దేశాల వైద్యం

మొన్న మన సంఘం సభలో ఒక అమ్మాయి మైకు పట్టుకొని చక్కగా మాట్లాడింది. పడమటి దేశాల శాస్త్రం మన అవ్వల తెలివిని మూఢనమ్మకమని తోసేసిందనీ, ఇప్పుడు పెద్ద కంపెనీలు ఆ తెలివినే పొట్లాల్లో కట్టి మనకే అమ్ముతున్నాయనీ, మన విత్తనం, మన తిండి, మన వైద్యం మనమే కాపాడుకోవాలనీ అంది. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. గట్టిగానే కొట్టాను. సభ అయ్యాక ఆ అమ్మాయి నా పక్కన చేరి, "పెద్దమ్మా, నువ్వు కువైటులో కంపెనీ పాలడబ్బాను ఓడగొట్టినావంట కదా, మన పత్రికకు రాసియ్యి" అంది.

ఓడగొట్టానో లేదో చదివి మీరే చెప్పండి. ఒక్క సంగతి మాత్రం ముందే చెబుతున్నాను. అవ్వల తెలివి, అవ్వల తెలివి అని మీరంతా లోకానికి ఒక్కతే అవ్వ ఉన్నట్టు మాట్లాడతారు. మూడు దేశాల అవ్వల తెలివి ఒకే వంటింట్లో పడితే ఏమవుతుందో మీకు తెలియదు. నాకు తెలుసు. ఆ వంటింట్లో గిన్నెలు తోమింది నేనే.

ఇరాక్ సైన్యం కువైటులోకి వచ్చిన వేసవిలో నేను రిగ్గైలో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. ఊడ్చి తుడవడం, గుడ్డలు ఉతకడం, చంటిబిడ్డను చూసుకోవడం నా పని. ఇంటి యజమాని వ్యాపారం మీద వేరే దేశం పోయి, సరిహద్దులు మూసేయడంతో అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో మిగిలింది ఆడవాళ్ళం. యజమాని భార్య ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. ఆమెను మేము, అమ్మా అన్నట్టు, అరబ్బీలో మామా అనేవాళ్ళం. ఆమె అత్తను పెద్ద మామా అనేవాళ్ళం. పెద్ద మామా ఎడారిలో గుడారంలో పుట్టి, గొర్రెల వెంట తిరిగి పెరిగిన మనిషి. సిమెంటు ఇంట్లో ఇన్నేళ్ళున్నా నిద్ర సరిగా పట్టదని రోజూ ఫిర్యాదు చేసేది, చేసి గురక పెట్టి నిద్రపోయేది.

వంట చేసేది ఫిలిప్పీన్స్ దేశపు కొండల నుంచి వచ్చిన మనిషి. నాకంటే కొంచెం పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. అదేదో పలకరింపు అనుకొని ఆమె కూడా నన్ను అక్కా అనే పిలిచేది. మా ఇద్దరికీ స్నేహం మునగచెట్టు దగ్గర కుదిరింది. ఏసీ నుంచి నీళ్ళు కారే చోట నేను ఊరి నుంచి తెచ్చిన మునగ విత్తనం నాటాను. చెట్టు నా ఎత్తు దాటాక ఒకరోజు చూస్తే సగం కొమ్మలు బోడిగా ఉన్నాయి. అక్క ఆకంతా దూసి పులుసులో వేసింది. కాయ రాకముందే ఆకు పీకుతావా అని నేను, ఆకు వదిలేసి కాయ కోసం ఎదురుచూసేవాళ్ళు కూడా ఉంటారా అని ఆమె, గంటసేపు పోట్లాడుకున్నాం. పోట్లాట అరబ్బీలో. మా అరబ్బీ వింటే అరబ్బులు ఏడ్చేవారు. ఆ మాటలన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

సంఘం అంటే ఏమిటో నాకు మొదట చెప్పింది ఆ అక్కే. వాళ్ళ కొండల్లో ఒక నది ఉంది. దాని మీద పెద్ద డ్యాం కట్టాలని వాళ్ళ ప్రభుత్వం పట్టుబట్టింది. అప్పిచ్చేది బయటి దేశాల బ్యాంకు. ఇంజనీర్లు వచ్చి పటం పరిచి, ఇక్కడ ఏమీ లేదు అన్నారట. మా వరిమళ్ళున్నాయి, మా తాతల సమాధులున్నాయి అని వీళ్ళంటే, అవి పటంలో లేవు అన్నారట. ఒకరోజు ఆడవాళ్ళంతా పోయి, కొలతలు తీసేవాళ్ళ గుడారాలు పీకి, చక్కగా మడిచి, మోసుకొనిపోయి వాళ్ళ ఆఫీసు ముందు పెట్టి వచ్చారట.

"మడిచేది ఎందుకక్కా, అగ్గిపుల్ల గీసింటే అయిపోయేది కదా" అన్నాను.

"వాళ్ళ సొమ్ము వాళ్ళకియ్యాల. మన సొమ్ము మనకుండాల" అంది.

డ్యాం కట్టలేదు. కానీ ఆ గొడవల్లో ఈమె మీద కూడా కేసు పడి, ఊళ్ళో ఉండలేక కువైటుకు వచ్చింది.

ఇక పాలడబ్బా సంగతి. మామాకు పెళ్ళైన చాలా ఏళ్ళకు మగబిడ్డ పుట్టాడు. కాన్పయిన ఆస్పత్రిలో మొదటి డబ్బా ఊరికే ఇచ్చారు. గడియారం చూసి పాలు పట్టమని ఒక పుస్తకం కూడా ఇచ్చారు. మామా చదువుకున్న మనిషి కాబట్టి పుస్తకాన్ని నమ్మింది. బిడ్డ ఆకలి గడియారం ప్రకారం రాలేదు. గడియారం కొట్టేదాకా వాడు ఏడ్చేవాడు, కొట్టాక అలసిపోయి పడుకొనేవాడు. కొన్ని వారాలకు మామాకు పాలు వెనక్కి పోయాయి. తరువాత అంతా డబ్బానే. అప్పటికి నాకు ఏ భాషలోనూ అక్షరం రాదు. ఈ రాత ఊరికి తిరిగొచ్చాక మన రాత్రిబడిలో నేర్చుకున్నదే. డబ్బాను దాని మీద నవ్వే తెల్లబిడ్డ బొమ్మను చూసి గుర్తుపట్టేదాన్ని.

సైన్యం వచ్చాక అంగళ్ళు ఖాళీ అయ్యాయి. మా వీధికి సరుకులిచ్చే జమియా అంగడి అద్దాలు పగిలాయి. పక్క వీధిలో మగవాళ్ళను జీపుల్లో ఎక్కించుకొని పోయారని విని, బిడ్డ ఏడ్చినా కిటికీలు మూసుకొనేవాళ్ళం. పక్కింటి డ్రైవరు మా రాజంపేట వైపు మనిషి. డబ్బా కోసం అతన్ని అహ్మది ఊరి దాకా పంపాం. సాయంత్రానికి ఒక మూట భుజాన వేసుకొని వచ్చాడు.

"డబ్బా ల్యాదక్కా. యాడ సూసినా గాజు పెంకులే."

"మరి ఈ మూటేంది?"

"మెంతులు."

"మెంతులా? బిడ్డ పాలకు పోయి మెంతులు తెస్తివా?"

"అంగడంతా ఊడ్చినారు. ఇవేందో ఆ సిపాయిలకు తెలీక వదిలేసినారు. ఇంత దూరం పోయి ఉత్త చేతుల్తో యా మొగం పెట్టుకొని వచ్చేది?"

నేను తిట్టబోతుంటే వాసనకు పెద్ద మామా వంటింట్లోకి వచ్చింది. మూటలో చెయ్యి పెట్టి, "హిల్బా!" అని అరిచింది. వాళ్ళ భాషలో మెంతులు. "మా అమ్మ నలుగురు బాలింతలకు దీంతోనే పాలు తెప్పించింది. కోడల్ని పిలవండి. పోయిన పాలు మళ్ళీ తెప్పిద్దాం."

"పోయిన పాలు వస్తాయా?" అంది మామా.

"వస్తాయి" అన్నాం ముగ్గురం ఒకేసారి. అంతవరకే మా ఐకమత్యం.

పెద్ద మామా మెంతులు ఉడికించి, ఖర్జూరంతో కలిపి తాగించాలంది. అక్క మునగాకు పులుసు అంది. వాళ్ళ కొండల్లో బాలింతకు అది లేకుండా ముద్ద దిగదట. నేను మునగాకును ఒప్పుకున్నాను గానీ పులుసుగా కాదు, వెల్లుల్లి వేసి వేయించాలన్నాను. మెంతులను ఒప్పుకున్నాను గానీ ఖర్జూరం వేడి చేస్తుందన్నాను. అక్క మెంతులే వద్దంది. ఆ కంపుకు పాలు వచ్చినా బిడ్డ తాగడని ఆమె వాదన.

"గుడారంలో పుట్టిన పిల్లలంతా ఈ వాసనతోనే పెరిగారు" అంది పెద్ద మామా.

"అందుకే గుడారం వదిలి పారిపోయి వచ్చారు" అంది అక్క, మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా. పెద్ద మామాకు చెవులు బాగానే పనిచేస్తాయి. చెక్క గరిటె మా ఇద్దరి మధ్య నుంచి పోయి గోడకు తగిలింది.

మామా కుర్చీలో కూర్చొని ఇదంతా విని, టీచరు కాబట్టి టీచరు మాటే చెప్పింది. "మూడూ కలిపి పెడితే దేనివల్ల వచ్చాయో ఎట్లా తెలుస్తుంది? ఒకరి తర్వాత ఒకరు చేయండి. బిడ్డను మాత్రం ఆకలైనప్పుడల్లా నాకే ఇవ్వండి. వాడు చీకుతూనే ఉండాలి. అది నేనూ చదివాను. చదివిన పుస్తకాలన్నీ పనికిమాలినవి కావు."

ఇక్కడ ఒక మాట. మన సభల్లో పడమటి చదువు అనగానే చెయ్యి విసిరేస్తాం. ఆ వంటింట్లో ఆ చదువు లేకపోతే మేము ముగ్గురం గరిటెలతో కొట్టుకొని చచ్చేవాళ్ళం. ఎందుకంటే నా వంతు వచ్చినప్పుడు నేను చేసింది చూడండి. మన వైపు బాలింతకు పథ్యం ఉంటుంది కదా, నీళ్ళు గుక్కెడే, అదీ కాగబెట్టినవే. నేను మామాకు ఆ పథ్యమే పెట్టాను. కువైటు వేసవి. బయట గోడను ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మామా పెదాలు ఎండిపోయాయి. అక్క వంతులో చుక్క చుక్కగా మొదలైన పాలు నా వంతులో మళ్ళీ ఇంకిపోయాయి.

పెద్ద మామా నన్ను వంటింటి మూలకు తీసుకుపోయింది. "యా బింతి, బిడ్డా, నీ దేశంలో ఒంటెలున్నాయా?"

"లేవు పెద్ద మామా. బర్రెలు."

"బర్రెకు నీళ్ళు పెట్టకుండా పిండుతారా?"

"ల్యా."

"మరి నా కోడలు బర్రెపాటి చెయ్యదా?"

కుర్చీలోంచి వింటున్న మామా పడీపడీ నవ్వింది. సైన్యం వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. తరువాత ఒక కూజా నీళ్ళు ఎత్తింది దించకుండా తాగింది. "పరీక్ష పనిచేసింది. ఏది తప్పో తెలిసింది" అంది. ఆ పొద్దే పెద్ద మామా ఇక తన వంతని మెంతులు పొయ్యి మీద పెట్టింది.

అక్క నన్ను ఓదార్చింది. "కంపెనీ వాళ్ళు ముందు మనకేమీ తెలీదంటారు. నమ్మితిమా, తర్వాత అమ్ముతారు. మనకన్నీ తెలుసు అనుకుంటే అదీ ప్రమాదమే. రోజూ చూసుకుంటా, పోట్లాడుకుంటా ఉండాల." మీ పత్రికకు కావాల్సిన మాట ఏదైనా ఉంటే అది ఆమె చెప్పిందే.

ఈ వైద్యాలు నడుస్తున్నన్నాళ్ళు బిడ్డ బతకాలి కదా. గంజి తేట పడితే విరేచనాలు పట్టుకున్నాయి. రెండు వీధుల అవతల పెద్ద మామా రెండో కోడలు ఉంది. ఆమెకు ఆడబిడ్డ పుట్టి కొన్ని వారాలే అయింది. పాలు సమృద్ధిగా ఉన్నాయి. మంచం పట్టిన తల్లిని వదిలి ఆమె రాలేదు గానీ, బిడ్డను తెస్తే ఇస్తానని కబురు పంపింది. సంతోషంగా నేను వాణ్ణి ఎత్తుకున్నాను. పెద్ద మామా వాకిలికి అడ్డం నిలబడింది.

"ఆ పిల్లను వీడికి చేసుకోవాలని మాట అనుకున్నాం. ఆ తల్లి పాలు ఐదుసార్లు కడుపునిండా తాగితే వీడు ఆమెకు కొడుకవుతాడు. ఆ పిల్ల చెల్లెలవుతుంది. పెళ్ళి హరామ్."

"సిన్నాయన కూతురు కదా పెద్ద మామా! పాలు తాగకముందే చెల్లెలు కదా!"

"బాబాయి కూతురు చెల్లెలెట్లా అవుతుంది? మరి మీరు ఎవర్ని చేసుకుంటారు?"

"మేనమామ బిడ్డను. కొందరిండ్లల్లో మేనమామనే."

పెద్ద మామా రెండు చెంపలూ వాయించుకుంది. "తల్లికి తమ్ముణ్ణా! ఈమె చేతి అన్నమా నేనింతకాలం తిన్నది!" నేను ఆమె వైపు అట్లే చూశాను. ఒకరినొకరు అసహ్యించుకోవడంలో మేమిద్దరం సరిసమానంగా ఉన్నాం.

పెద్ద మామాకు లెక్క కూడా తెలుసు. బిడ్డ తానుగా రొమ్ము వదిలితేనే ఒకటి కింద లెక్కట. మధ్యలో మనం లాగేస్తే అది లెక్కలోకి రాదట. అందుకని తానే వెంట వచ్చేది. వాడు తాగుతుంటే పక్కనే గద్దలా కూర్చొని, కడుపు నిండబోతుందనగా పట్టుకొని లాగేసేది. వాడు ఆకాశం బద్దలయ్యేట్టు ఏడ్చేవాడు. ఆమె మాత్రం, "సగమే! అందరూ చూశారు కదా, సగమే!" అని సాక్ష్యాలు అడిగేది. అంత గట్టి వకీలును నేను మళ్ళీ చూడలేదు. కానీ సగం పాలతో బిడ్డ సగమే అవుతూ వచ్చాడు. తొడల మీద చర్మం ముడతలు పడింది.

ఆ రోజుల్లోనే డ్రైవరు గోడ మీదుగా పిలిచాడు. "అక్కా, జోర్డానుకు బస్సులు పోతాండాయి. ఆడ్నుంచి ఇమానంలో మనోళ్ళను ఇండియాకు పంపుతాండారంట. యల్లా, మూట కట్టు."

"ఈ బిడ్డ కడుపు నిండినాంక వస్తాలే."

"వాడు నీ బిడ్డా?"

"కాదులే. మొదలుపెట్టిన పని."

అతను తల కొట్టుకొని వెళ్ళాడు. నేను ఆగి, తరువాతి బస్సుల్లో ఒకదానిలో పోయాను.

ఒకరోజు పొద్దున బిడ్డ ఏడవలేదు. ఆకలి వేళ దాటినా ఏడవలేదు. ఒళ్ళో పెట్టుకుంటే కళ్ళు తెరిచి చూశాడు, మళ్ళీ మూశాడు. ఏడ్చే పిల్లవాడి కంటే ఏడవని పిల్లవాడు ఎంత భయపెడతాడో తల్లులకు చెప్పనక్కర్లేదు. మామా లేచి, బయటికి పోయేటప్పుడు ఒళ్ళంతా కప్పుకొనే నల్ల అబాయా వేసుకుంది.

"ఎక్కడికి?" అంది పెద్ద మామా.

"తోడికోడలి ఇంటికి. వాడు వదిలేదాకా తాగుతాడు. ఈ రోజు ఎవరైనా వాణ్ణి లాగితే, ఆ మనిషితో నేను మాట్లాడను."

పెద్ద మామా తనూ అబాయా కప్పుకొని వెనకే బయలుదేరింది. ఆపడానికే వస్తోందనుకొని నేనూ అక్కా పక్కనే నడిచాం. వీధి మలుపులో ఆమె నా చెయ్యి పట్టుకొని, గొంతు తగ్గించి, "పెళ్ళికూతుళ్ళు ఇంకా పుడతారులే" అంది.

మలుపు తిరిగితే సిపాయిల కాపలా. రోజూ ఉండేదే. పనివాళ్ళం కాబట్టి బిడ్డతో పోతుంటే మమ్మల్ని చూసి వదిలేసేవాళ్ళు. ఆ రోజు రోడ్డుకు అడ్డంగా పీపాలు దొర్లించారు. మీసాల అధికారి ఒకడు చెయ్యి అడ్డం పెట్టాడు. "వెనక్కి పోండి. ఈ రోజు దారి లేదు."

మామా బిడ్డను చూపించి బతిమాలింది. వాడు చూడకుండా తల అడ్డంగా ఊపాడు. ఇంకో సిపాయి తుపాకీ సర్దుకున్నాడు. నా కాళ్ళు వెనక్కి తిరిగాయి కూడా. అప్పుడు అక్క నడిరోడ్డు మీద కూర్చుంది. చెప్పు విడిచి, దాన్ని కింద వేసుకొని, సంతలో కూరలమ్మేదానిలాగా కుదురుగా కూర్చుంది.

"ఏం చేస్తాండావక్కా?"

"నువ్వూ కూర్చో. నిలబడినోళ్ళను తోస్తారు. కూర్చున్నోళ్ళను ఎత్తాల. ఎత్తేది కష్టం."

నేను కూర్చున్నాను. మామా కూర్చుంది. పెద్ద మామా నా భుజం పట్టుకొని, అల్లా అల్లా అని మూలుగుతూ దిగింది.

"లేవండి!" అన్నాడు అధికారి.

"కూర్చోవడమే నా వల్ల అయ్యే పని. లేవడం నా మోకాళ్ళ వల్ల కాదు. నువ్వు లేపుతావా? నన్ను ముట్టుకుంటావా?" అంది పెద్ద మామా.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. పెద్ద మామా అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వు ఎవరి కొడుకువి? ఏ తెగ?"

చెప్పకూడదనుకున్నాడు. కానీ పెద్దావిడ అడిగింది, తెగ పేరు నోట్లోంచి వచ్చేసింది.

"ఆ! ఎండాకాలం మీ తాతలు మందలతో మా నాన్న బావికి వచ్చేవాళ్ళు. మేము నీళ్ళు తోడి పోశాం. ఏ దేశమని అడగలేదు, కాగితం చూపమనలేదు. ఈ రోజు నువ్వు నా మనవడికి దారి లేదంటున్నావు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. పై నుంచి ఆజ్ఞ అని ఏదో గొణిగాడు. సిపాయిలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తారు వేడి చీరలోంచి తగులుతోంది. ఇంతలో బిడ్డ మూలిగాడు. మామా వాణ్ణి ఊరుకోబెట్టడానికి అబాయా కిందికి తీసుకుంది. రోజూ జరిగేది మాకు తెలుసు. నాలుగుసార్లు చీకుతాడు, ఏమీ రాక వదిలేస్తాడు, ఏడుస్తాడు. ఆ ఏడుపు కోసమే కాచుకున్నాం.

ఏడుపు రాలేదు. వంగి చెవి పెట్టాను. గుటక. ఇంకో గుటక. నల్ల గుడ్డ లోపల ఒక చిన్న గొంతు ఆపకుండా మింగుతోంది. మామా నా వైపు చూసింది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారి గడ్డం మీదుగా పడుతున్నాయి. "పడ్డాయి" అంది.

"మునగాకు" అంది అక్క.

"హిల్బా" అంది పెద్ద మామా.

"మెంతులు మా డ్రైవరు తెచ్చినాడు" అన్నాను నేను, ఏదో ఒక వాటా దక్కించుకుందామని.

"ముగ్గురూ నోరు మూయండి. వాడు తాగుతున్నాడు" అంది మామా.

పీపాల అవతల రెండో కోడలు పరుగెత్తుకొస్తోంది, చంకలో ఆడబిడ్డతో. పెద్ద మామా చెయ్యి పైకెత్తి అక్కడి నుంచే కేక వేసింది. "వద్దు! రావద్దు! ఒక్క చుక్క వద్దు! ఇంటికి పో, పెళ్ళి ఉంది!" తరువాత అధికారి వైపు తిరిగింది. "ఏం చూస్తున్నావు? తల్లి పాలిస్తోంది. మొహం తిప్పుకో. నీ వాళ్ళను కూడా తిప్పుకోమను."

అతను గిరుక్కున తిరిగాడు. వెనక్కి చూడకుండా ఏదో ఆజ్ఞ ఇచ్చాడు. తుపాకులు భుజాన పెట్టుకొని సిపాయిలంతా వరుసగా గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఎండ నడినెత్తికి వచ్చింది. వాళ్ళ వీపులు చెమటకు నల్లబడ్డాయి. బిడ్డకు తొందర లేదు.

చాలాసేపటికి అధికారి గోడతోనే, పెద్దావిడలను మర్యాదగా పిలిచే మాటతో అడిగాడు. "అయిందా, హజ్జియా?"

పెద్ద మామా కోడలి అబాయా అంచు ఎత్తి, లోపలికి తొంగిచూసి, మళ్ళీ కప్పింది.

"ఆగు నాయనా" అంది. "ఇంకా రెండో వైపు ఉంది."